ఆ గీత అంచుదా, గోడదా?

ఫస్టియర్‌లో ఇంజినీరింగ్‌ డ్రాయింగ్‌ షీట్లు ఎలా పూర్తి చేశారు? నిజం చెప్పండి, ఇక్కడ మార్కులేమీ పోవు. హాస్టల్‌ గదిలో రెండు మంచాల మధ్య అద్దం పెట్టి, కింద ట్యూబ్‌లైట్‌ వెలిగించి, సీనియర్‌ షీటు మీద మీ షీటు పరిచి గీతల మీద గీతలు లాగేశారా? నేనూ అదే చేశాను. మా బ్యాచ్‌లో ఆ అద్దానికి క్యూ ఉండేది. ప్రొజెక్షన్స్‌ ఆఫ్‌ సాలిడ్స్‌ షీటుకైతే రాత్రి 2 గంటలకు గానీ నా వంతు రాలేదు. పొద్దున్నే సబ్మిట్‌ చేస్తే, గీతలు శుభ్రంగా ఉన్నాయని పదికి తొమ్మిది వేశారు. ఆ తొమ్మిది మార్కుల అసలు ఖరీదు ఎంతో ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో కొందరికి ఆ సబ్జెక్టు ఇంకా బ్యాక్‌లాగ్‌గానే ఉండి ఉంటుంది. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు ఒక్క బ్యాక్‌లాగ్‌ కూడా ఉండకూడదని ముందే షరతు పెడతాయి. ఫైనలియర్‌లో స్నేహితులంతా ఇన్‌షర్ట్‌ చేసుకుని ప్లేస్‌మెంట్‌ టాక్‌కి వెళ్తుంటే, మినీ డ్రాఫ్టర్‌ చంకన పెట్టుకుని సప్లీ హాలుకు నడిచేవాళ్లు ప్రతి కాలేజీలోనూ కనిపిస్తారు. ఆ బాధ చిన్నదేం కాదు. కానీ పాసైపోయినవాళ్ల సంగతి చూసినా నాకేమంత ధీమాగా అనిపించదు. ఎందుకో చెప్పాలంటే ఒక హాపర్‌ కథ చెప్పాలి.

రెండు ప్లేట్లు వృథా

బీటెక్‌ మెకానికల్‌ అయ్యాక నా మొదటి ఉద్యోగం గోదావరి జిల్లాలో ఒక ఫ్యాబ్రికేషన్‌ షెడ్డులో. రైస్‌ మిల్లులకు కావాల్సిన హాపర్లు, చ్యూట్లు, డక్టులు చేసేవాళ్లం. చేరిన రెండో వారంలోనే ఒక హాపర్‌ డ్రాయింగ్‌ నా చేతికొచ్చింది. హాపర్‌ అంటే ధాన్యం పోసే పెద్ద గరాటు లాంటి తొట్టి. పైన 1200 మి.మీ. చదరం, కింద 300 మి.మీ. చదరం, ఎత్తు 780 మి.మీ. మన పాఠం భాషలో, తలకిందులుగా పెట్టిన స్క్వేర్‌ పిరమిడ్‌ ఫ్రస్టమ్‌. నాలుగు గోడలకు నాలుగు ప్లేట్లు కోయాలి. వాటి కొలతలు రాసివ్వడం నా పని.

ఫ్రంట్‌ వ్యూ చూశాను. పైన 1200, కింద 300, పక్కల రెండు ఏటవాలు గీతలు. ఒక్కో ఏటవాలు గీత లెక్కేస్తే దాదాపు 900 వచ్చింది. ఇంకేముంది, ప్లేటు ఆకారం కళ్లముందే ఉంది కదా అనుకున్నాను. ట్రెపీజియం గీసి పై భుజం 1200, కింది భుజం 300, పక్క అంచులు 900 అని రాసి మేస్త్రి గారికి ఇచ్చేశాను.

రెండు ప్లేట్లు కోశాక ఆయన కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

‘బాబు గారూ, ఈ తొమ్మిది వందల గీత అంచుదాండీ, గోడదాండీ?’

‘రెండూ ఒకటే కదా మేస్త్రి గారూ’ అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. గోడకున్న పాత క్యాలెండర్‌ అట్ట చింపారు. నేనిచ్చిన కొలతల్లో పదో వంతు తీసుకుని నాలుగు ముక్కలు కత్తిరించి, టేపుతో అంటించి బల్ల మీద పెట్టారు. పక్కన స్కేలు నిలబెట్టారు. 78 మి.మీ. ఉండాల్సిన ఎత్తు 64 మాత్రమే ఉంది. ‘పధ్నాలుగు తగ్గిందండీ’ అన్నారు, అంతే.

తప్పెక్కడో చూడండి. ఫ్రంట్‌ వ్యూలో పక్క గోడ మనకు నిట్టనిలువునా అంచు వైపు నుంచి కనిపిస్తుంది, అంటే గోడంతా కలిసి ఒక గీత అయిపోతుంది. ఆ 900 అనేది గోడ వాలు పొడవు. పై భుజం మధ్య నుంచి కింది భుజం మధ్యకు కొలిస్తే వచ్చేది. రెండు గోడలు కలిసే మూల అంచు అలా కాదు. అది పక్కకు 450 జరుగుతూ, మన వైపు నుంచి లోపలికి మరో 450 జరుగుతూ, 780 కిందికి దిగుతుంది. ఆ మూడూ కలిపితే దాని నిజ పొడవు దాదాపు 1007. ఫ్రంట్‌ వ్యూలో అదీ అదే గీత మీద పడుతుంది కాబట్టి కుంచించుకుపోయి 900గా కనిపిస్తుంది. ఒకే గీత, దాని మీద రెండు వేర్వేరు విషయాలు. నేను గోడ కొలతను అంచుకు ఇచ్చేశాను. నూరు మి.మీ.కు పైగా తేడా.

ఎత్తు తగ్గితే ఏమైంది, కింద ఒక ముక్క అతికిస్తే పోతుందిగా అనుకోవచ్చు. పోదు. అసలు డ్రాయింగ్‌లో గోడ వాలు 60 డిగ్రీలు. నా కొలతలతో అది 55కి పడిపోయింది. మూల అంచు వాలు ఎప్పుడూ గోడ వాలు కంటే తక్కువే ఉంటుంది. సరైన హాపర్‌లో దాదాపు 51 డిగ్రీలు ఉండాల్సిన మూల, నా హాపర్‌లో 45కి దిగింది. ధాన్యం నిలిచిపోయేది మూలల్లోనే. వాలు చాలకపోతే మిల్లులో ఒక మనిషి సుత్తి పట్టుకుని రోజంతా ఆ తొట్టిని బాదుతూ కూర్చోవాలి. రెండు ప్లేట్లతో పోయింది గానీ, మేస్త్రి గారు అడగకపోయి ఉంటే హాపర్‌ మొత్తం వెనక్కి వచ్చేది.

చదువుకున్నవాడి కంటే చదువుకోనివాడే నయం అని చెప్పడానికి ఈ కథ చెప్పడం లేదు. అలాంటి కథలంటే నాకు చిరాకు. మేస్త్రి గారికి ఆ చూపు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ పాఠం సరిగా చదివితే మనకు మూడు వారాల్లో వచ్చేది. నేను దాన్ని అద్దం మీద పోగొట్టుకున్నాను.

మొదటి బొమ్మే అసలు లెక్క

వస్తువును రెండు తలాల మీద చూపించే ఈ విద్యకు ఒక పద్ధతి ఏర్పరచినవాడు ఫ్రెంచ్‌ గణితవేత్త గాస్పార్‌ మోంజ్‌. మెజియేర్‌లోని సైనిక ఇంజినీరింగ్‌ పాఠశాలలో పనిచేస్తుండగా, శత్రువు తుపాకి గుండ్లు తగలకుండా కోట గోడల్ని ఎక్కడ ఎంత ఎత్తు కట్టాలో తేల్చే పని ఆయనకు అప్పగించారు. అప్పట్లో దానికి చాంతాడంత లెక్కలు చేసేవారు. మోంజ్‌ గీతలతో తేల్చేశాడు. ఇంత త్వరగా ఎలా అవుతుందని పైఅధికారి మొదట చూడటానికే ఒప్పుకోలేదట. తర్వాత ఆ పద్ధతిని ఫ్రెంచ్‌ సైన్యం ఏళ్ల తరబడి రహస్యంగా దాచింది. 1795లో ఆయన పారిస్‌లో పాఠాలుగా చెప్పాకే అది బయటి ప్రపంచానికి తెలిసింది. 1799లో పుస్తకంగా వచ్చింది. ఒకప్పుడు సైనిక రహస్యమైన దాన్ని మనం ట్యూబ్‌లైట్‌ వెలుగులో కాపీ కొడుతున్నాం!

సరే, పాఠంలోకి వద్దాం. నేల హెచ్‌పీ, ఎదురుగోడ వీపీ, రెండూ కలిసే చోటు ఎక్స్‌వై గీత. మన దేశంలో బీఐఎస్‌ ప్రమాణాల ప్రకారం ఫస్ట్‌ యాంగిల్‌ పద్ధతి కాబట్టి ఫ్రంట్‌ వ్యూ ఎక్స్‌వై గీతకు పైన, టాప్‌ వ్యూ కింద వస్తాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. సాలిడ్స్‌ లెక్కలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. వస్తువును ముందు తేలికైన స్థితిలో నిలబెట్టి రెండు వ్యూలు గీయాలి. తర్వాత ఒక వ్యూని కావాల్సినంత వంచి మళ్లీ గీసి, రెండో వ్యూని దాని నుంచి దించుకోవాలి. రెండు తలాలకూ వాలు ఉంటే అదే పని ఇంకోసారి. రెండో దశ, మూడో దశ దాదాపు గుమస్తా పని. మూలలకు పేర్లు పెట్టుకుని, గీతలు దించుకుంటూ పోతే వచ్చేస్తాయి. బుర్ర పెట్టాల్సింది మొదటి దశలో. చాలామంది పట్టించుకోనిది కూడా దాన్నే.

ఒక లెక్క తీసుకుందాం. బేస్‌ భుజం 30 మి.మీ., యాక్సిస్‌ 60 మి.మీ. ఉన్న షట్కోణ పిరమిడ్‌ ఒక త్రిభుజాకార ముఖం మీద హెచ్‌పీపై పడుకుని ఉంది. యాక్సిస్‌ వీపీకి సమాంతరం. వ్యూలు గీయండి.

మీరైతే మొదటి షట్కోణాన్ని ఎలా పెడతారు? అలవాటుగా చేయి చేసే పని, రెండు భుజాలు ఎక్స్‌వైకి సమాంతరంగా ఉండేలా పెట్టేయడం. చూడ్డానికి బాగుంటుంది మరి. అలా పెడితే షట్కోణం మూలలు ఎడమ కుడి కొసల్లోకి వస్తాయి. ఫ్రంట్‌ వ్యూలో కొసన కనిపించే ఏటవాలు గీత ఏంటి? పిరమిడ్‌ అంచు. పొడవు 67.1 మి.మీ. దాన్ని నేలకు పడుకోబెడితే పిరమిడ్‌ ఒక అంచు మీద నిలబడుతుంది. ప్రశ్న అడిగింది ముఖం మీద పడుకోబెట్టమని.

షట్కోణాన్ని తిప్పి, ఒక భుజం వీపీకి లంబంగా ఉండేలా పెట్టండి. ఇప్పుడు కొసన కనిపించే ఏటవాలు గీత మొత్తం ముఖం. పొడవు 65.4 మి.మీ. దాన్ని ఎక్స్‌వై గీత మీదికి దించితే ముఖం నేలకు ఆనుతుంది. కాగితం మీద రెండు గీతలకూ తేడా 2 మి.మీ. కూడా లేదు. రెండు బొమ్మలూ చూడటానికి పిరమిడ్‌లాగే ఉంటాయి. ఒకదానికి మార్కులు వస్తాయి, ఇంకోదానికి రావు. ఎందుకు రాలేదో తెలియని విద్యార్థి ‘డ్రాయింగ్‌ నాకు రాదు’ అని నిర్ణయానికి వచ్చేస్తాడు. నిజానికి అతడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, మేస్త్రి గారు నన్నడిగిందే.

ఇదే పిరమిడ్‌ను పడుకోబెట్టాక టాప్‌ వ్యూలో ఏ గీత డాష్‌లుగా వేయాలో దగ్గర మళ్లీ అందరూ తడబడతారు. పైనుంచి చూస్తున్నారు కాబట్టి ఎత్తులో ఉన్నవి కనిపిస్తాయి, నేలకు దగ్గరగా ఉన్నవి వాటి చాటున పడతాయి. ఎత్తు ఎక్కడ తెలుస్తుంది? ఫ్రంట్‌ వ్యూలో, ఎక్స్‌వై గీత నుంచి ఎంత పైన ఉందో చూస్తే. బయటి చుట్టుగీత ఎప్పుడూ కనిపించేదే. మన లెక్కలో బేస్‌ మొత్తం పైకి తిరిగి కనిపిస్తుంది. నేలకు ఆనిన ముఖం తాలూకు రెండు ఏటవాలు అంచులు మాత్రమే దాగి ఉంటాయి, ఆ రెంటినీ డాష్‌లుగా వేస్తే చాలు. ఇందులో బట్టీ పట్టాల్సిన రూలు ఏదీ లేదు. ఎక్కడ నిలబడి చూస్తున్నారో మరచిపోకపోతే చాలు.

రెండు తలాలకూ వాలు ఉన్న లెక్కలో ఇంకో గుంట ఉంది. ‘యాక్సిస్‌ హెచ్‌పీకి 30 డిగ్రీలు, వీపీకి 45 డిగ్రీలు’ అని ఇస్తే, మూడో దశలో టాప్‌ వ్యూని తీసుకొచ్చి నేరుగా 45 డిగ్రీలకు తిప్పేస్తారు. తప్పు. హెచ్‌పీకి 30 వంచాక టాప్‌ వ్యూలో యాక్సిస్‌ అప్పటికే కుంచించుకుపోయి ఉంది. కుంచించుకున్న గీతను 45కి తిప్పితే, నిజమైన యాక్సిస్‌ వీపీకి 45 చేయదు, అంతకంటే తక్కువే చేస్తుంది. ఈ లెక్కలో టాప్‌ వ్యూని దాదాపు 55 డిగ్రీలకు తిప్పాలి. అదే ‘యాక్సిస్‌ టాప్‌ వ్యూ ఎక్స్‌వైకి 45 డిగ్రీలు చేస్తుంది’ అని ఇస్తే మాత్రం నేరుగా 45. ప్రశ్నలో ‘టాప్‌ వ్యూ’ అనే రెండు మాటలు ఉన్నాయా లేవా అన్నదాని మీద సమాధానం మొత్తం మారిపోతుంది. ఇక్కడ కూడా గొడవ అదే: మీరు పట్టుకున్నది వస్తువునా, దాని నీడనా?

‘క్యాడ్‌ ఉందిగా’ అనేవాళ్లకు

ఈ మాట ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను. సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ మోడల్‌ చేస్తే ఒక్క క్లిక్‌తో అన్ని వ్యూలూ వచ్చేస్తాయి, ఇంకా ఈ పెన్సిళ్లు, డ్రాఫ్టర్లు ఎందుకు సార్‌ అని. సగం నిజమే. ఏ ఆఫీసులోనూ ఇప్పుడు టీ స్క్వేర్‌ పట్టుకుని డ్రాయింగులు వేయడం లేదు. ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో ఈ సబ్జెక్టు పేరే ఇంజినీరింగ్‌ గ్రాఫిక్స్‌ అండ్‌ డిజైన్‌, అందులో క్యాడ్‌ కూడా భాగమే. దాన్ని నేను స్వాగతిస్తాను. మార్జిన్‌ గీతలు, టైటిల్‌ బ్లాక్‌ అక్షరాల ఎత్తు మీద గంటలు గంటలు ఖర్చు పెట్టిన తరం మాది. ఆ రోజులు పోయినందుకు నాకేం దిగులు లేదు.

కానీ నా హాపర్‌నే క్యాడ్‌లో గీసి, ఫ్రంట్‌ వ్యూలో ఏటవాలు గీత మీద డైమెన్షన్‌ పెట్టండి. 900 అనే చూపిస్తుంది. దశాంశాలు పెంచితే మూడు స్థానాల వరకు చూపిస్తుంది. తప్పు కొలతను అంత కచ్చితంగా ఇస్తుందన్నమాట. ఆ గీత అంచుదో గోడదో అది చెప్పదు, మీరు అడిగిందే చెబుతుంది. డ్రాఫ్టర్‌ రోజుల్లో మూల మూలకూ పేరు పెట్టి గీతలు దించాల్సి వచ్చేది కాబట్టి, తప్పు చేస్తే ఎక్కడో ఒకచోట గీతలు కలవక దొరికిపోయేవాళ్లం. ఇప్పుడు ఆ అడ్డుకట్ట కూడా లేదు.

ఈ విషయంలో కాలేజీలనూ అనాలి. షీటు నీట్‌గా ఉందా, పేరు, రోల్‌ నంబరు సరైన సైజులో ఉన్నాయా అని చూసి మార్కులేస్తే, విద్యార్థి అద్దం వెతుక్కోక ఏం చేస్తాడు? అరవై మందికి ఒక్క మాస్టారు, మూడు గంటల పీరియడ్‌, వారానికో షీటు. ఆయన కష్టం నాకు తెలుసు. అయినా రెండు షీట్లు తగ్గించి, ఆ సమయంలో ఒక్కొక్కరికీ ఒక చెక్క దిమ్మ చేతికిచ్చి ‘దీన్ని ఇలా వంచితే పైనుంచి ఎలా కనిపిస్తుంది, చేత్తో గీయి’ అని అడిగితే ట్రేసింగ్‌ దానంతటదే ఆగిపోతుంది. చెక్క దిమ్మను ట్రేస్‌ చేయలేరు కదా.

రాదు అనుకోవడం వల్లే రాదు

‘నాకు త్రీడీ కనిపించదండీ, పుట్టుకతోనే అంతే’ అంటుంటారు. ‘అమ్మాయిలకు డ్రాయింగ్‌ కష్టం’ అనేవాళ్లూ ఉన్నారు, అదీ లెక్చరర్ల నోటే విన్నాను. అమెరికాలోని మిషిగన్‌ టెక్‌లో పనిచేసిన ప్రొఫెసర్‌ షెరిల్‌ సోర్బీ సంగతి వీళ్లకు చెప్పాలి. ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో గ్రాఫిక్స్‌ క్లాసులో తానే బాగా ఇబ్బంది పడ్డానని ఆవిడ చెప్పుకున్నారు. తర్వాత అదే సబ్జెక్టు బోధిస్తూ, 1993లో సహచరులతో కలిసి ఒక కోర్సు మొదలుపెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు వస్తువును మనసులో తిప్పి చూసే పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వచ్చినవాళ్లకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చారు. అందులో ప్రధానమైనవి ఘనాలు చేతిలో పట్టుకుని తిప్పి చూడటం, చేత్తో స్కెచ్‌ వేయడం. శిక్షణ పొందినవాళ్ల స్కోర్లు పెరిగాయి, గ్రాఫిక్స్‌లో మార్కులూ పెరిగాయి. ఇది పుట్టుకతో వచ్చే వరమేం కాదు. సైకిల్‌ లాంటిది.

మీకు ల్యాబ్‌ అక్కర్లేదు. ఒంటి సబ్బు ఒకటి కొనుక్కోండి, చాకుతో స్క్వేర్‌ పిరమిడ్‌ చెక్కండి. మొదటిది వంకరగా వస్తుంది, పరవాలేదు. గోరింటాకు కోన్‌ ఉంది, అది కోనే. చాక్‌పీస్‌ను సిలిండర్‌ అనుకుంటాం గానీ ఒక కొస కొంచెం సన్నం, అది కోన్‌ ఫ్రస్టమ్‌. బల్ల మీద పేపర్‌ పరిస్తే హెచ్‌పీ, వెనక అట్టపెట్టె నిలబెడితే వీపీ. వస్తువును వంచి పెట్టి, ముందు ఊహించి గీయండి. ఆ తర్వాత సరిచూసుకోండి. ఫోన్‌తో సరిచూసుకునేట్లయితే దగ్గర నుంచి ఫొటో తీయొద్దు, దగ్గరవి పెద్దగా దూరంవి చిన్నగా పడి మోసం చేస్తాయి. దూరంగా నిలబడి జూమ్‌ చేసి తీస్తే ప్రొజెక్షన్‌కు దగ్గరగా వస్తుంది. రోజుకు అరగంట చాలు. కాకపోతే ఒక మాట: లైన్ల ప్రొజెక్షన్‌లో నిజ పొడవు ఎలా కనుక్కోవాలో అర్థం కాకుండా సాలిడ్స్‌కు దూకితే ఎన్ని సబ్బులు కోసినా లాభం లేదు. అది ముందు చూసుకోండి.

ఉద్యోగాల సంగతి

‘నాది సీఎస్‌ఈ, నాకెందుకు ఇదంతా?’ అనేవాళ్లకు నేను అబద్ధం చెప్పను. వెబ్‌ అప్లికేషన్లు రాసేవాళ్లకు షట్కోణ పిరమిడ్‌ ఎప్పటికీ ఎదురుపడకపోవచ్చు. కానీ గేట్‌ రాస్తారా? ఏ బ్రాంచి పేపరైనా జనరల్‌ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు, అందులో స్పేషియల్‌ ఆప్టిట్యూడ్‌ ఉంది: ఆకారాలు తిప్పడం, కాగితం మడతలు, రెండు, మూడు కొలతల్లో ప్యాటర్న్‌లు. ఆర్‌ఆర్‌బీ అసిస్టెంట్‌ లోకోపైలట్‌ రెండో దశ పార్ట్‌-ఏ సిలబస్‌లో అయితే ప్రొజెక్షన్లు, వ్యూలు, గీతల రకాలు అని పేరు పెట్టి మరీ ఇచ్చారు. ఆ పరీక్ష రాసే ఐటీఐ, డిప్లొమా వాళ్లు ఈ మార్కుల్ని తేలిగ్గా తీసుకుంటుంటారు. తమ్ముడో చెల్లో బీఆర్క్‌ అనుకుంటుంటే జేఈఈ మెయిన్‌ బీఆర్క్‌ పేపర్లోనూ బొమ్మను చూసి ఘనాన్ని ఊహించే ప్రశ్నలు వస్తాయి.

ఇక మెకానికల్‌, సివిల్‌ వాళ్లకు వేరే చెప్పాలా? షీట్‌ మెటల్‌, పైపింగ్‌, మౌల్డ్‌ డిజైన్‌, ప్రెస్‌ టూల్స్‌, ఏ పనైనా డ్రాయింగ్‌ చదవడంతోనే మొదలు. బాలానగర్‌లోని సీఐటీడీ 1968 నుంచి టూల్‌ డిజైన్‌ నేర్పుతోంది. పదో తరగతి తర్వాత టూల్‌, డై అండ్‌ మౌల్డ్‌ మేకింగ్‌ డిప్లొమా చేసిన పిల్లలు డ్రాయింగ్‌ చూసి మెషీన్‌ మీద ముక్క తీస్తుంటే, నాలుగేళ్ల బీటెక్‌ వాళ్లు పక్కన నిలబడి చూస్తుండటం నాకు తెలుసు. అమెరికా కస్టమర్‌ నుంచి వచ్చే డ్రాయింగ్‌ థర్డ్‌ యాంగిల్‌లో ఉంటుంది. కింద మూలన ఉన్న ఆ చిన్న కోన్‌ గుర్తు చూడకుండా ఫస్ట్‌ యాంగిల్‌ అనుకుని చదివితే, కుడివైపు ఉండాల్సిన గాడి ఎడమవైపుకు పోతుంది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక డిజైన్‌ టీమ్‌లో ఉన్నాను. ఏటా కొంతమంది ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. రెజ్యూమెల నిండా సాఫ్ట్‌వేర్ల పేర్లు, సర్టిఫికెట్లు. అవి పక్కన పెట్టి ఒక అట్ట హాపర్‌ చేతికిస్తాను (మేస్త్రి గారు చేసింది కాదు, అది ఎప్పుడో నలిగిపోయింది, ఇది నేను చేసుకున్నది). ఒక తెల్ల కాగితం, పెన్సిల్‌ ఇస్తాను. స్కేలు ఇవ్వను. ‘ఫ్రంట్‌ వ్యూ, టాప్‌ వ్యూ వేసి, మూల అంచు నిజ పొడవు ఎక్కడ కనిపిస్తుందో చెప్పండి’ అంటాను. ఎక్కువమంది ట్రెపీజియం వేసి ఏటవాలు గీతనే చూపిస్తారు, అచ్చం నాలాగే. పోయినేడాది డిప్లొమా చేసి లేటరల్‌ ఎంట్రీలో వచ్చిన ఒక అమ్మాయి హాపర్‌ను అటూ ఇటూ తిప్పి, ‘సార్‌, ఇలా పెడితే ఏ వ్యూలోనూ కనిపించదు. 45 డిగ్రీలు తిప్పి పెట్టుకోవచ్చా?’ అంది. తిప్పితే మూల అంచు వీపీకి సమాంతరమవుతుంది, ఫ్రంట్‌ వ్యూలో నిజ పొడవు వచ్చేస్తుంది. ఆ అమ్మాయి స్కెచ్‌ వంకరగానే ఉంది. ఉద్యోగం ఇచ్చాం.

సప్లీ రాయబోయేవాళ్లకు ఇంకొంచెం. ప్రశ్న చదవగానే గీయడం మొదలుపెట్టకండి. వస్తువు చివరికి దేని మీద ఆనుతుంది, ముఖమా, అంచా, మూలా అన్నది పక్కన రాసుకోండి. దాన్ని బట్టి మొదటి బేస్‌ను ఎలా తిప్పాలో నిర్ణయించండి. మూలలన్నిటికీ పేర్లు పెట్టండి, దించిన గీతలు చెరపకండి. చివర్లో ఎక్కడైనా తప్పినా, మొదటి దశ సరిగా ఉంటే కొన్ని మార్కులైనా నిలబడతాయి. హాల్లోకి సబ్బు ముక్క ఎలాగూ తీసుకెళ్లనివ్వరు. పెన్సిల్‌, రబ్బరు తీసుకెళ్లనిస్తారు. ఆరు పలకల పెన్సిలైతే షట్కోణ ప్రిజమే, ప్రశ్నపత్రం మీద పెట్టి వంచి చూసుకోండి, ఎవరూ ఏమనరు.